సీసా మోగింది సరే, ప్లేటు చదివేదెవరు?

ఆదోని నుంచో గద్వాల నుంచో సెప్సిస్‌తో (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా ముదిరి), బీపీ పడిపోయి కర్నూలు పెద్దాసుపత్రికి చేరే పేషెంటుకు అప్పటికే ఊళ్లో రెండు మూడు సూదులు పడి ఉంటాయి. ఇక్కడ డాక్టరు రక్తం కల్చర్‌కు (సీసాలో బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షకు) పంపి, అంచనా మీద మందు మొదలుపెడతారు, చాలాసార్లు మెరోపెనెమ్ లాంటి పెద్ద యాంటీబయాటిక్ మందే. ఏ మందుకు ఆ బ్యాక్టీరియా లొంగుతుందో చెప్పే రిపోర్టు ఎక్కడైనా మామూలుగా మూడో రోజుకు గానీ రాదు. బ్యాక్టీరియా పెరిగిందని సీసా మోగాక (అంటే సీసా పెట్టిన మెషిన్ అలారం కొట్టాక) దాన్ని ప్లేటు మీద ఒక రాత్రి పెంచాలి. అలా పెరిగిన చుక్కలను (కాలనీలను) ఇంకో ప్లేటు మీద పరిచి, మందు అద్దిన చిన్న కాగితపు బిళ్లలు (డిస్కులు) పెట్టి ఇంకో రాత్రి ఆగాలి.

యూరప్‌లో ఈ పరీక్షలకు ప్రమాణాలు నిర్ణయించే యూకాస్ట్ కమిటీ 2018లో తెచ్చిన ర్యాపిడ్ పద్ధతిలో మొదటి రాత్రి అక్కర్లేదు. మోగిన సీసాలోంచి సుమారు 125 మైక్రోలీటర్లు తీసి నేరుగా ముల్లర్-హింటన్ అగర్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ) ప్లేటు మీద పరిచి, రోజూ వాడే డిస్కులే పెట్టి, 4, 6, 8 గంటలకు జోన్లు (డిస్కు చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయాలు) కొలుస్తారు. ఇందుకోసం కొత్త మెషిన్ ఏదీ కొనక్కర్లేదు.

అలాగని తేలిక పనేం కాదు. నాలుగు గంటలకు పెరుగుదల పల్చటి పొరలా ఉంటుంది. మూత తీసి, వెలుతురుకు వంచి చూస్తే గానీ అంచు దొరకదు. కొలిచాక పది నిమిషాల్లోపు ప్లేటు మళ్లీ ఇంక్యుబేటర్‌లోకి వెళ్లాలి. ఏ గంట కొలతను ఆ గంటకు ఇచ్చిన కొలతల పట్టిక (టేబుల్)తోనే పోల్చాలి, రాత్రంతా పెంచి మర్నాడు చదివే మామూలు పద్ధతి టేబుల్‌తో పోలిస్తే రిపోర్టు తప్పుతుంది. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా అయితే ఆరు గంటలదాకా ఆగాల్సిందే. బ్యాక్టీరియా పేరు తేలకపోతే అసలు ఏ టేబుల్ చూడాలో తెలియదు. రెండు రకాలు కలిసి పెరిగితే ఈ పద్ధతి పనికిరాదు. కొన్ని జోన్లు అటూ ఇటూ తేలని పరిధిలో పడతాయి, వాటిని రిపోర్టు చేయకుండా తర్వాతి రీడింగ్ చూడాలి.

ఇవన్నీ శిక్షణతో దాటొచ్చు. నాకు అసలు చిక్కు గడియారంలో కనిపిస్తోంది. సాయంత్రం ఐదుకు సీసా మోగి, వెంటనే ప్లేటు పెట్టారనుకుందాం. రీడింగులు రాత్రి తొమ్మిదికి, పదకొండుకు, ఒంటిగంటకు. కల్చర్ సెక్షన్ సాయంత్రానికే మూతపడే చోట ఆ సీసా తెల్లారేదాకా అలాగే కూర్చుంటుంది. రాత్రి తీసిన రక్తం సీసా వార్డు టేబుల్ మీదే ఉండిపోతే మోగడం కూడా ఆలస్యమే. అందుకే కడప, అనంతపురం, కర్నూలు బోధనాసుపత్రులకు నిధులు వస్తే, ముందు మైక్రోబయాలజీకి రాత్రి షిఫ్టు టెక్నీషియన్‌ను ఇవ్వమంటాను. (మెషిన్‌కైతే రిబ్బన్ కటింగ్ ఉంటుంది, షిఫ్టుకు ఎవరు చేస్తారు?)

ఇంకో మెలిక వార్డులో ఉంది. రాత్రి పదకొండుకు ల్యాబ్ నుంచి ఫోన్ వస్తే ఎత్తేది డ్యూటీలో ఉన్న పీజీ (పీజీ చదువుతున్న జూనియర్ డాక్టరు). వాడుతున్న మందు పనిచేయదని తేలితే అప్పుడే మార్చేయాలి, చిన్న మందు సరిపోతుందంటే పొద్దున రౌండ్స్‌లో దించొచ్చు. ఆ పీజీ తనంతట తాను మందు మార్చొచ్చా, యూనిట్ చీఫ్‌ను లేపాలా అన్నది ప్రతి యూనిట్ ముందే కాగితం మీద పెట్టుకోవాలి.