కడుపునీ మతిమరుపునీ కలిపి చూడాలి

వైరల్ జబ్బు తగ్గి నెలలు గడిచినా కొందరికి కడుపు కుదుటపడదు. తిన్న కాసేపటికే ఉబ్బరం, ఒకరోజు విరేచనాలు, మరో రోజు మలబద్ధకం. దానికి తోడు మతిమరుపు. చదివిన వాక్యమే మళ్లీ చదవాల్సి వస్తుంది. తెలిసిన మనిషి పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. కడుపుకి ఒక డాక్టర్, మతిమరుపుకి ఇంకో డాక్టర్. రిపోర్టులన్నీ నార్మల్ వస్తే, ‘టెన్షన్ పెట్టుకోకండి’ అని పంపేస్తారు. ఈ రెండు బాధలనూ విడదీసి చూడటం వల్లే చాలామందికి నష్టం జరుగుతోంది.

పేగులకూ మెదడుకూ సంబంధం ఊహ కాదు. నాడులకు సందేశాలు మోసే సెరోటోనిన్ అనే రసాయనం ఒంట్లో దాదాపు 90 శాతం పేగుల్లోనే తయారవుతుంది. 2023లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు కోవిడ్ తగ్గినా నెలల తరబడి వదలని బాధలపై, అంటే లాంగ్ కోవిడ్‌పై, ఒక వివరణ ఇచ్చారు. పేగుల్లో మిగిలిపోయిన వైరస్ అవశేషాల వల్ల ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు) ఆగదు, సెరోటోనిన్‌కు ముడిసరుకైన ట్రిప్టోఫాన్ సరిగా ఒంటబట్టదు. సెరోటోనిన్ తగ్గితే పేగులనూ మెదడునూ కలిపే వేగస్ నాడి మందగించి జ్ఞాపకశక్తి దెబ్బతింటుందని ఎలుకల్లో చూశారు. అందరి మతిమరుపుకీ ఇదే కారణమని చెప్పలేం. అయినా రోగి రెండు బాధలూ కలిపి చెబుతుంటే వినడానికి ఈపాటి ఆధారం చాలు.

విడివిడిగా చూస్తే ఏమవుతుందో మందుల చీటీలోనే కనిపిస్తుంది. కడుపులో మెలిపెట్టే నొప్పికి డైసైక్లోమిన్ రాస్తారు. పేగుల నొప్పికో నిద్రకో అమిట్రిప్టిలిన్ రాస్తారు. ఈ రెండూ మెదడులో జ్ఞాపకానికి అవసరమైన ఎసిటైల్‌కోలిన్ పనికి అడ్డుపడగలవు. ముఖ్యంగా పెద్దవయసు వాళ్లలో మతిమరుపు పెరగొచ్చు. ఎసిడిటీకి చాలాకాలం వాడే పాంటోప్రజోల్ లాంటివి, షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ బీ12ని తగ్గించగలవు. బీ12 లోపమూ మతిమరుపు తెస్తుంది. అలాగని సొంతంగా మందులు ఆపేయకూడదు. చీటీలన్నీ ఒకే డాక్టర్ ముందు పెట్టి, ఏది తగ్గించొచ్చో అడగాలి. బీ12, థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్ పరీక్షలూ అప్పుడే చేయించుకోవాలి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి నిద్రలేపే విరేచనాలు ఉంటే మాత్రం ఆలస్యం చేయొద్దు.

తిండి విషయంలో నాకు భయం వేసేది ఒక అలవాటు. పడటం లేదని ఒక్కో పదార్థం మానేస్తూ పోయి, చివరికి రెండు మూడింటితో సరిపెట్టుకుంటారు. పేగులకు ఉపశమనం ఇచ్చే లో-ఫోడ్‌మ్యాప్ ఆహారం (పేగుల్లో పులిసి గ్యాస్ చేసే పిండిపదార్థాలు తగ్గించిన తిండి) కూడా కొన్ని వారాలకే. ఆ తర్వాత మానేసినవి ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టాలి. ప్రోబయాటిక్స్ (మేలు చేసే బ్యాక్టీరియా ఉన్న మందులు) మీద పెద్దగా ఆశ పెట్టుకోనక్కర్లేదు.

అన్నిటికన్నా కష్టం, శక్తిని పొదుపుగా వాడుకోవడం. కొందరికి ఒళ్లు అలిసినా, బుర్ర అలిసినా దెబ్బ వెంటనే తెలియదు. మర్నాడో ఆ మర్నాడో ఒక్కసారిగా నీరసించిపోతారు. బలవంతంగా వ్యాయామం పెంచుకుంటూ పోవడం వీళ్లకు హాని చేయొచ్చు. ఎంఈ/సీఎఫ్ఎస్ (ఎడతెగని అలసట జబ్బు) రోగుల విషయంలో, బ్రిటన్‌లో చికిత్సలపై సూచనలిచ్చే నైస్ సంస్థ 2021లో ఆ పద్ధతిని మార్గదర్శకాల నుంచి తీసేసింది. ఎంత పని చేశారు, ఏం తిన్నారు, ఎలా పడుకున్నారు, మర్నాడు ఎలా ఉన్నారు అన్నది రెండు మూడు వారాలు రాసి పెట్టుకుంటే ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. ఆ కాగితం ఇంట్లో వాళ్లకూ ఆఫీసులో వాళ్లకూ చూపించాలి. సోమవారం చకచకా పనిచేసిన మనిషి బుధవారం లేవలేకపోతే నటిస్తున్నారని అనుకునేది ముందు వాళ్లే.