వెనుకబడటంలో మనమే ముందు

శ్రీకాకుళాన్ని వెనుకబడిన జిల్లా అనడం నాయకులకి అలవాటు. ఎన్నికలకోసారి వచ్చి ఆ మాట అనేసి, పలాస జీడిపప్పు పట్టుకుని వెళ్లిపోతుంటారు. ఇప్పుడు లోకంలో డబ్బున్నవాళ్లే ఖర్చు పెట్టుకుని మరీ వెనక్కి పోతున్నారు. పాత కంప్యూటర్లు కొని బాగుచేసుకోవడం వాళ్ల కొత్త సరదా. ఈ రంగంలో మన జిల్లాకున్న అర్హతల్ని ప్రభుత్వం వెంటనే గుర్తించాలని నా డిమాండు.

మా బావగారినే చూడండి. చేతిలో ఖరీదైన ఫోను ఉన్నా మనశ్శాంతి లేక బీబీసీ మైక్రో కొన్నారు. 1981లో బ్రిటన్‌లో ఏకార్న్ కంపెనీ తెచ్చిన యంత్రం అది. మన దేశంలో బడిపిల్లలకి కంప్యూటర్ నేర్పడానికి 1984లో మొదలైన ‘క్లాస్’ పథకంలో వాడిందీ దాన్నే. మెమరీ 32 కేబీ. బావగారికి పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే శుభోదయం గులాబీల్లో చాలావాటికి అందులో చోటుండదు. అంతకుమించిన సుగుణం ఏం కావాలి?

ఇక మన వాతావరణం. ఈ యంత్రం పవర్ సప్లైలో రిఫా అనే రకం కెపాసిటర్లుంటాయి, కరెంటులోని రొదని వడగట్టే చిన్న బిళ్లలు. లోపల కాగితం, పైన పూత. ఏళ్లు గడిచేకొద్దీ పూత పగిలి గాలిలో తేమ లోపలికి దిగుతుంది. ఒకరోజు కరెంటు ఇవ్వగానే ఫట్‌మని పేలి, ఇల్లంతా కంపు పొగ. తేమలో లండన్ వాళ్లు మనకి పోటీ రాగలరా? బావగారింట్లో పేలినప్పుడు పక్కింటావిడ పరుగున వచ్చింది.

“ఏటి బాబూ, ఏటి కాలిపోతంది?”

“చరిత్ర, పిన్నీ,” అన్నారాయన, ముక్కుకి తువ్వాలు అడ్డంపెట్టుకుని.

అది పేలిపోయినా కంప్యూటర్ చాలాసార్లు మామూలుగానే పనిచేస్తుంది. అలాంటి సీట్లు మన ఆఫీసుల్లోనూ ఉన్నాయి, పొగ రాదంతే.

ఏళ్లు గడిచి పసుపురంగుకి తిరిగిన ప్లాస్టిక్‌ని తెల్లబరచడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ పట్టించి ఎండలో పెట్టాలి. విదేశాల్లో పాపం యూవీ దీపాలు కొనుక్కుంటారట. అరసవల్లిలో సూర్యనారాయణమూర్తి కొలువై ఉండగా మనకి దీపాలెందుకు? బావగారు పార్లర్‌వాళ్లు జుత్తుకి వాడే క్రీమ్ తెచ్చి పట్టించి, మేడమీద వడియాల పక్కన ఆరబెట్టారు. మా అప్ప చూసింది.

“నా జుత్తు నల్లబరచడానికి డబ్బుల్లేవు గానీ, దీన్ని తెల్లబరచడానికున్నాయేటి?”

దీనికి బావగారి దగ్గర సాంకేతికమైన జవాబు లేదు.

ఎట్టకేలకు యంత్రం బీప్‌మంది. ఓటీపీ అడగలేదు, ప్రకటన వెయ్యలేదు, అప్‌డేట్ అయ్యేదాకా ఆగమనలేదు. కాకపోతే చూడ్డానికి పాత డబ్బా టీవీ కావాలి. ఇంట్లో ఉన్నదాన్ని ఆయనే ఎప్పుడో పాత సామాన్ల షాపుకి కిలోల లెక్కన ఇచ్చేశారు. అదృష్టవశాత్తూ అది ఇంకా అక్కడే ఉంది. ధర మాత్రం కిలోల్లో లేదు.

జిల్లాకి పరిశ్రమలు రావడం లేదనేవాళ్లు ఒకసారి ఆ షాపుకెళ్లి రావాలి. ఓనరు ఇప్పుడు కీబోర్డు కనబడితే కాటా మీద పడెయ్యడం లేదు. గుడ్డతో తుడిచి, ఫొటో తీసి, ముందు బావగారికి పంపిస్తున్నాడు. మా అప్ప నంబరు బ్లాక్ చేశాడు.