మోకాలి గుజ్జు చికిత్స పనిచేసిందంటున్నారు సరే, దేనితో పోల్చి?

మా చిన్నాన్న కొడుక్కి 29 ఏళ్లు. వాలీబాల్ ఆడుతూ పడ్డాడు, మోకాలు వాచింది, ఎమ్మారై తీయిస్తే తొడ ఎముక చివర రూపాయి బిళ్లంత మేర గుజ్జు ఊడిపోయిందని తేలింది. డాక్టరు గారు ఓపిగ్గానే చెప్పి కౌన్సెలింగ్ గదికి పంపారు. అక్కడున్న అమ్మాయి రంగుల బొమ్మలున్న కాగితం ముందు పెట్టి, మీ కణాలే కొన్ని తీసి ల్యాబ్‌లో పెంచి మళ్లీ అక్కడే పెడతాం, మా దగ్గర చేయించుకున్నవాళ్లంతా ఇప్పుడు హాయిగా నడుస్తున్నారండీ అంది. చేయించుకోనివాళ్లు ఎలా నడుస్తున్నారమ్మా అని అడిగాను. ఆ అమ్మాయి దగ్గర జవాబు లేదు. ఆమెను తప్పుపట్టను, ఎందుకంటే ఈ రంగంలో పరిశోధనలు చేసినవాళ్లే చాలా ఏళ్లపాటు ఆ ప్రశ్న వేసుకోలేదు.

ల్యాబ్‌లో కణాలు పెంచి పెట్టే పద్ధతి లోకానికి తెలిసింది 1994లో. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నుంచి బ్రిట్‌బర్గ్, పీటర్సన్ బృందం 23 మంది మీద చేసిన ఫలితాలు న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో వేసింది. తొడ ఎముక చివర గుజ్జు పోయిన 16 మందిలో 14 మందికి బాగుంది లేదా చాలా బాగుంది అన్నారు. మోకాలి చిప్ప వెనక పోయిన ఏడుగురిలో మాత్రం ఇద్దరికే. పోల్చి చూడటానికి మరో గుంపు లేదు. అయినా ఆ 14 అన్న అంకె ప్రపంచమంతా తిరిగింది, 1997లో అమెరికాలో ఆ కణాలకు అనుమతి కూడా వచ్చింది. ఇక 1996లో, అదే స్వీడన్ నుంచి, మెస్నర్, మలీటియస్ అనే ఇద్దరు ఇంకో లెక్క చెప్పారు. బరువు మోసే చోట గుజ్జు బాగా దెబ్బతిన్న 28 మంది యువ క్రీడాకారులను 14 ఏళ్ల తర్వాత పిలిచి చూస్తే, ఎక్కువ మందికి గుజ్జు పెంచే పెద్ద చికిత్స ఏదీ చేయకపోయినా, 22 మంది మోకాలు బాగా లేదా చాలా బాగా పనిచేస్తోంది. ఎక్స్‌రేలో చాలామందికి కీలు సందు తగ్గిందన్నది నిజమే, కానీ మనుషులు మాత్రం నడుస్తున్నారు. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే, మొదటిదాంట్లో కణాల గొప్ప ఎంత, కాలం గొప్ప ఎంత అన్నది ఎవరూ చెప్పలేరు.

ఇంకో చిక్కు ఉంది. 1997లో అమెరికాలో 31,516 ఆర్థ్రోస్కోపీల, అంటే చిన్న రంధ్రంలోంచి కెమెరా పెట్టి కీలు లోపల చూసిన కేసుల, రికార్డులు తిరగేస్తే 63 శాతం మోకాళ్లలో గుజ్జు ఎక్కడో ఒకచోట దెబ్బతిని ఉంది. అంటే కెమెరా లోపలికి పెడితే దెబ్బ కనపడటం మామూలే, ఆ నొప్పి దానివల్లే వస్తోందా అన్నది వేరే ప్రశ్న. పైగా మోకాలి నొప్పి ఎప్పుడూ ఒకేలా ఉండదు, పెరుగుతుంది, తగ్గుతుంది, మనిషి డాక్టరు దగ్గరికి వెళ్లేది అది బాగా పెరిగినప్పుడే, కాబట్టి ఆ తర్వాత ఏం చేసినా, చేయకపోయినా, కొంతమందికి తగ్గి తీరుతుంది. దీనికి తోడు ఆపరేషన్ తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలు కర్రల సాయంతో నడక, నెలల తరబడి ఫిజియో. ఆ ఫిజియోను విడిగా చేయిస్తే ఎంత గుణం ఉండేదో చూడకుండా మొత్తం పేరు ఆపరేషన్‌కు ఇచ్చేస్తారు. 2002లో హ్యూస్టన్‌లో మోజ్లీ బృందం మోకాళ్లు అరిగిన 180 మందిని లాటరీ వేసినట్టు మూడు గుంపులుగా చేసి, ఒక గుంపుకు చర్మం మీద గాట్లు పెట్టి కుట్లు వేసి పంపేసింది, లోపల ఏమీ చేయలేదు. రెండేళ్లు చూశారు. లోపల కడిగినవాళ్లు గానీ, గీకి శుభ్రం చేసినవాళ్లు గానీ, ఉత్త కుట్లు పడినవాళ్లకంటే ఏమీ మెరుగ్గా లేరు. అది అరిగిన మోకాళ్ల సంగతి, కణాలు పెట్టడం గురించి కాదు, అయినా ఆపరేషన్ జరిగిందన్న నమ్మకమే మోకాలి నొప్పిని ఎంత తగ్గించగలదో తెలిశాక కూడా పోలిక లేని అధ్యయనాన్ని రుజువుగా చూపించడం నాకు మింగుడుపడదు.

సరైన పోలిక ఎలా ఉంటుందో నార్వేవాళ్లు చూపించారు. క్నుట్సెన్ బృందం 80 మందిని తీసుకుని 40 మందికి కణాలు పెట్టింది, మిగతా 40 మందికి మైక్రోఫ్రాక్చర్ చేసింది, అంటే గుజ్జు పోయిన చోట ఎముకకు చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, లోపలి మజ్జ నుంచి వచ్చే రక్తం గడ్డకట్టి కొత్త కణజాలం పెరిగేలా చేయడం. ఇది ఒక్క ఆపరేషన్‌తో అయిపోతుంది, ఖర్చు తక్కువ, వచ్చే కణజాలం మాత్రం అసలు గుజ్జంత గట్టిది కాదు. రెండేళ్లకు నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఐదేళ్లకు రెండు గుంపుల్లోనూ తొమ్మిదేసి మందికి చికిత్స విఫలమైంది. పద్నాలుగు, పదిహేనేళ్లకు అలా విఫలమైనవాళ్లు కణాల గుంపులో 17, మైక్రోఫ్రాక్చర్ గుంపులో 13. ఎక్స్‌రే తీసినవాళ్లలో దాదాపు సగం మందికి అరుగుదల మొదలైంది. ఇన్నేళ్లు ఓపిగ్గా వెంటపడి చూసిన ఆ బృందానికి చేతులెత్తి దండం పెట్టాలి, ఎందుకంటే ఈ రంగంలో రెండేళ్ల దగ్గరే లెక్క ఆపేయడం అలవాటు, అలా మధ్యలో ఆపిన లెక్క ఎంత మోసం చేయగలదో బెల్జియం కంపెనీ కణాలను మైక్రోఫ్రాక్చర్‌తో పోల్చిన 118 మంది అధ్యయనంలో కనిపించింది. మొదటి ఏడాది బయాప్సీలో, అంటే చిన్న ముక్క తీసి చూసిన పరీక్షలో, కణాల గుంపు కణజాలం మెరుగు, మనిషి నొప్పిలో తేడా లేదు, మూడేళ్లకు నొప్పి, పనిలో కూడా కణాలే మెరుగు, ఐదేళ్లకు మొత్తం మీద ఆ తేడా మళ్లీ లేదు. ఎక్కడ ఆపితే అక్కడ వేరే శీర్షిక రాసుకోవచ్చు. అందుకే ఏ కొలత, ఏ రోజున చూస్తామన్నది మొదటి రోగి చేరకముందే రాసి పెట్టి, అందరికీ కనపడేచోట నమోదు చేయాలి. మన దేశంలో దానికి సీటీఆర్ఐ అనే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఉంది, ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు.

నార్వే అధ్యయనం మీద నాకూ ఒక అభ్యంతరం ఉంది, మనుషులు తక్కువ. మోకాలి బాగోగులు కొలిచే కూస్ అనే ప్రశ్నపత్రంలో సున్నా నుంచి వంద వరకు మార్కులు, దాదాపు పది మార్కుల మార్పు ఉంటేనే రోగికి తేడా తెలుస్తుందంటారు. మనుషుల మధ్య తేడా ఇరవై మార్కుల దాకా ఉంటుందనుకుని మామూలు లెక్క వేస్తే గుంపుకు 63 మంది కావాలి, మధ్యలో మానేసేవాళ్లను కలిపితే 80 దాకా. ఐదు మార్కుల తేడా పట్టుకోవాలంటే గుంపుకు 250. నలభై నలభై మందితో చేసి తేడా కనపడలేదు అంటే, రెండూ ఒకటే అని అర్థం కాదు, ఉన్న తేడా పట్టుకునేంత మంది లేరని కూడా కావచ్చు. ఒక్క ఆస్పత్రిలో ఇంతమంది దొరకరు, పది ఆస్పత్రులు కలవాలి, అది మన దగ్గర ఇంకా అలవాటు కాలేదు.

ఎవరు కొలుస్తున్నారన్నది ఇంకో పెద్ద విషయం. ఒకసారి ఒక ఫిజియో గదిలో నా వంతు కోసం కూర్చుని ఉండగా, పక్కన ఒకావిడకు ఆపరేషన్ చేసిన బృందంలోని కుర్రాడే ప్రశ్నపత్రం నింపుతున్నాడు. మెట్లు దిగేటప్పుడు నొప్పి ఎలా ఉందమ్మా, ముందుకంటే బాగానే ఉంది కదా అన్నాడు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, అంత కష్టపడి చేశారు కదా బాబూ, బాగానే ఉంది అంది. గుండ్రం చుట్టాడు. ఆ కుర్రాడు మోసం చేయాలనుకోలేదు, ఆవిడ అబద్ధం చెప్పాలనుకోలేదు, కానీ ఆ అంకె చివరికి ఎక్కడో ఒక సగటులో కలుస్తుంది. ఆపరేషన్ ఏదో తెలియని వేరే మనిషి అడగాలి, మోకాలు పరీక్ష చేయాల్సి వస్తే మచ్చ కనపడకుండా తొడుగు వేసి చూడాలి, ఎందుకంటే కణాలు పెట్టడానికి మోకాలు కోస్తారు, మైక్రోఫ్రాక్చర్‌కు రెండు చిన్న రంధ్రాలు చాలు, మచ్చ చూస్తే గుట్టు తెలిసిపోతుంది. కణాలను మైక్రోఫ్రాక్చర్‌తో పోలుస్తూ కంపెనీ డబ్బుతో జరిగిన సమ్మిట్ అనే అధ్యయనంలో 144 మందికి ఏం చేశారో వాళ్లకు తెలుసు, రెండేళ్లకు కణాల గుంపు చెప్పిన నొప్పి, పని మార్కులు మెరుగ్గా వచ్చాయి. గుంపు తెలియకుండా చూసిన బయాప్సీలో, ఎమ్మారైలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రోగి నొప్పే ముఖ్యం, బయాప్సీ కాదు అనొచ్చు, నేనూ అదే అంటాను. కానీ నొప్పి మార్కు ఆశతో కలిసిపోయినప్పుడు దాన్ని విడదీసే దారి ఆ డిజైన్‌లో లేదు.

ఆ కూస్ ప్రశ్నలు కూడా మన జీవితానికి పూర్తిగా సరిపోవు. అందులో గొంతుక్కూర్చోవడం, మోకాళ్ల మీద కూర్చోవడం ఉన్నాయి, అయితే అవి ఆటలు, సరదా పనుల కింద ఉన్నాయి. బాత్ టబ్బులోకి దిగడం రోజువారీ పనుల్లో ఉంది. బాసింపట్టు వేసుకుని కూర్చోవడం ఎక్కడా లేదు. కలుపు తీసే ఆవిడకు గొంతుక్కూర్చోవడం ఆట కాదు, కూలి. ఇంట్లో మామూలు నేల మరుగుదొడ్డి మాత్రమే ఉన్నవాళ్లకు అది రోజూ పొద్దున్నే ఎదురయ్యే పరీక్ష. మన మోకాళ్ల మీద మంచి అధ్యయనం చేయాలంటే తెలుగులోకి మాటలు మార్చడంతో సరిపోదు, ఈ పనులు చేర్చి, అవి నిజంగా కొలుస్తున్నాయా లేదా అని ముందు వేరేగా పరీక్షించాలి.

మా తమ్ముడు ముందు మూడు నెలలు ఫిజియో చేయించుకున్నాడు. ఇప్పుడు ఆడుతున్నాడు కూడా. దాన్ని ఫిజియో గొప్పకు రుజువుగా చెప్పను, ఒక్క మోకాలు ఏదీ రుజువు చేయదు.

నా దిగులు వాడి గురించి కాదు, మా మేనత్త గురించి. ఆమెకు 62, రెండు మోకాళ్లూ అరిగాయి, టీవీలో గుజ్జు మళ్లీ పెరుగుతుంది అన్న ప్రకటన చూసి ఫోన్ చేసింది. నేను పైన చెప్పిన కణాల అధ్యయనాల్లో చేరింది, దెబ్బ తగిలి ఒకచోట గుజ్జు పోయిన నడివయసు లోపువాళ్లు, కాలు వంకర లేనివాళ్లు. అరుగుదల ఉన్నవాళ్లను గడప దగ్గరే ఆపేశారు, నార్వేలో 45 దాటినవాళ్లను, సమ్మిట్‌లో 55 దాటినవాళ్లను తీసుకోలేదు. ఒకచోట గుంట పడటం వేరు, కీలంతా అరగడం వేరు, రెండిటికీ తెలుగులో మనం వాడే మాట ఒక్కటే, గుజ్జు అరిగింది. ఆ ఒక్క మాట చాటున ఒకరి మీద చేసిన అధ్యయనం ఇంకొకరికి అమ్ముడుపోతోంది. అత్తకు చెప్పాను, వాళ్లు చెప్పే అధ్యయనంలో 60 దాటి, మోకాలంతా అరిగినవాళ్లు ఎంతమంది ఉన్నారో, వాళ్లను దేనితో పోల్చారో, సీటీఆర్ఐ నంబరు ఎంతో ఒక కాగితం మీద రాయించుకుని రా, ఇద్దరం కూర్చుని చూద్దాం అని. సోమవారం వెళ్తోంది.