నులిపురుగులకు డీఎన్ఏ టెస్టు: వాట్సాప్ మెసేజ్‌లో తప్పులెక్కడ?

తిరుపతి, చిత్తూరు వైపు రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: "వరి, చెరకు, నేపియర్ లాంటి గడ్డిజాతి పంటల వేర్లకు బుడిపెలు లేకపోతే నులిపురుగు లేనట్టే. అనుమానముంటే గుప్పెడు మట్టి డీఎన్ఏ టెస్టుకు పంపండి, పురుగు పేరు నూటికి నూరుపాళ్లు కరెక్టుగా వస్తుంది. మైక్రోస్కోపుకు కాలం చెల్లింది. పాజిటివ్ వస్తే వెంటనే గుళికలు చల్లండి."

ఇక్కడ నులిపురుగులంటే కడుపులో ఉండేవి కాదు, మట్టిలో బతికే సన్నని పురుగులు (నెమటోడ్లు), వాటిలో కొన్ని పంట వేర్లను తింటాయి. మట్టి నమూనాల్లో ఈ పురుగుల్ని వెతకడమే నా పని. డీఎన్ఏ పద్ధతి మంచిదని నమ్ముతాను. అందుకే ఈ మెసేజ్‌ను చూసీ చూడనట్టు వదిలేయలేకపోతున్నాను.

మొదట బుడిపెల సంగతి. చెరకు వేర్లలో చేరే ప్రాటిలెంకస్ అనే నులిపురుగు లోపల తిరుగుతూ కణాలను తింటుంది. పైకి బుడిపె రాదు, గోధుమరంగు మచ్చలు పడి వేరు కుళ్లుతుంది. వరిలో హిర్ష్‌మన్నియెల్లాదీ అదే తీరు. బుడిపె పెట్టే రకాల్లోనూ తేడా ఉంది. వరి మీద, ఊద అనే కలుపుగడ్డి మీద బతికే మెలాయిడోగైనీ గ్రామినికోలా వస్తే టమాటా వేర్లలో లాగా గుండ్రటి కాయలు కనిపించవు. వేరు కొస ఉబ్బి, గాలం కొక్కెంలా వంగుతుంది. నారును మట్టితో సహా తవ్వి, బకెట్ నీళ్లలో మెల్లగా జాడిస్తేనే అది కంటపడుతుంది. గట్టిగా పీకితే కొసలు తెగి మట్టిలోనే ఉండిపోతాయి. చేతికొచ్చిన వేరు శుభ్రంగా కనిపిస్తుంది, ఆకుల పసుపు రంగుకు కారణం జింకు లోపమని అనుకుంటాం.

గుప్పెడు మట్టి అస్సలు చాలదు. ఈ పురుగులు చేనంతా సమానంగా ఉండవు, మచ్చలు మచ్చలుగా ఉంటాయి. పూర్తిగా ఎండిపోయిన చోట కాదు, ఎండుతున్న మచ్చ అంచున, పది పదిహేను చోట్ల జానెడు లోతు నుంచి వేర్లతో సహా తీసి కలపాలి. కవర్లో కట్టి నీడలో ఉంచాలి. మన ఎండలో బండి మీద పెట్టుకుని ఊరంతా తిరిగితే ల్యాబ్‌కు చేరేసరికి పురుగులు చచ్చిపోతాయి. నమూనా కుళ్లకుండా వాడే ఫార్మలిన్ ద్రావణంలో వేస్తే డీఎన్ఏ పాడవుతుంది.

ఇక 'నూటికి నూరుపాళ్లు'. పీసీఆర్ అనే పద్ధతిలో పురుగు డీఎన్ఏలోని ఒక చిన్న ముక్కను లక్షల కాపీలు చేసి, దాని అక్షరాల వరుసను డేటాబేస్‌లో ఉన్నవాటితో పోలుస్తారు. ఏ ముక్క తీసుకున్నామన్న దాన్ని బట్టి జవాబు ఉంటుంది. ఎక్కువగా వాడే ఐటీఎస్ ముక్కతో గ్రామినికోలాను మెలాయిడోగైనీలోనే మరో జాతి అయిన ఇన్‌కాగ్నిటా నుంచి సులభంగా వేరు చేయొచ్చు. కానీ ఇన్‌కాగ్నిటా, జవానికా, అరెనేరియా అనే మూడు జాతులూ ఆ ముక్కలో దాదాపు ఒకేలా ఉంటాయి. వాటిని విడదీయాలంటే ఒక్కో జాతిని విడిగా పట్టే స్కార్ మార్కర్లు వంటి డీఎన్ఏ పరీక్షలు వేరుగా పెట్టాలి. పైగా ఎవరో తప్పు పేరుతో డేటాబేస్‌లో ఎక్కించిన వరుసతో పోలిస్తే 99 శాతం కలిసినా మనకొచ్చేది ఆ తప్పు పేరే.

మైక్రోస్కోపు లేకుండా అసలు పని మొదలే కాదు. టిష్యూ పేపర్ మీద మట్టి పరిచి, అడుగున నీళ్లు తగిలేలా ఉంచితే బతికున్న పురుగులు కిందికి దిగుతాయి. ఆ నీళ్లను మైక్రోస్కోపు కింద పెడితే సగం మిల్లీమీటరు కూడా లేని పిల్లపురుగులు మెలికలు తిరుగుతుంటాయి. నోట్లో స్టైలెట్ అనే బోలు ముల్లు లేనివి చాలావరకు బ్యాక్టీరియాను తినేవే, పంటకు శత్రువులు కావు. మట్టినంతా కలిపి డీఎన్ఏ తీస్తే అన్ని రకాల పురుగుల డీఎన్ఏ కలగలిసి వస్తుంది. అందుకే ముల్లున్న పురుగును సన్నని సూదితో ఎత్తి, ట్యూబులో వేసి, దాని ఒక్కదాని డీఎన్ఏ చూస్తాం. పీసీఆర్‌కు ఒక్క పురుగు సరిపోతుంది. పిల్లదశలో రూపం చూసి జాతి పేరు చెప్పడం చాలా కష్టం. డీఎన్ఏ నిజంగా ఆదుకునేది అక్కడే.

చివరికి పురుగుమందు గుళికల సంగతి. పాజిటివ్ అంటే ఆ జాతి డీఎన్ఏ దొరికిందని అర్థం, అంతే. పురుగులు ఎన్నున్నాయో మామూలు పీసీఆర్ చెప్పదు. చచ్చిన పురుగు డీఎన్ఏ కూడా కొంతకాలం మట్టిలో ఉంటుంది. నష్టం తేలేది లెక్క బట్టే, కాబట్టి రిపోర్టులో పేరుతో పాటు ఇంత మట్టికి ఇన్ని పురుగులు అన్న సంఖ్యను కూడా అడగండి. నేపియర్ అయితే కోసి ఆవులకు వేసే మేత, తెలిసినవాళ్లను అడగకుండా దానికి మందు చల్లొద్దు. వరిలో గ్రామినికోలా అని తేలితే ఊద పీకేయండి, మడిలో నీళ్లు నిలపండి. నిలిచిన నీళ్లలో కొత్త పిల్లపురుగులు వేర్లలోకి దూరలేవు.