మూత పెట్టని కజ్జికాయ

మారతహళ్లి వైపు మా అపార్ట్‌మెంట్‌లో ఈమధ్య ఎవరింటికి వెళ్లినా మంచినీళ్లకంటే ముందు ఓవెన్ చూపిస్తున్నారు. ఒకప్పుడు పూజగది చూపించేవాళ్లు. తర్వాత కొన్నాళ్లు వాటర్ ప్యూరిఫయర్ చూపించారు. ఇప్పుడు గృహస్థు పరువు మొత్తం ముప్పై లీటర్ల ఓటీజీలో కూర్చుంది. కాలధర్మాన్ని గౌరవించడం నా స్వభావం కాబట్టి నేనూ ఒకటి కొన్నాను. ఆషాఢమాసంలో వరసగా మూడు ఆదివారాలు పండ్లు, బాదం వేసిన టార్ట్ కాల్చాను. టార్ట్ అంటే పళ్లెంలో పరిచిన మైదా పిండి మీద తీపి ముద్ద, పండ్లు వేసి ఓవెన్‌లో కాల్చేది. శ్రావణం వస్తే మా ఇంట్లోకి గుడ్డు రాదు, అందుకని గడువు కూడా ఉంది. ఆ అనుభవంతో చెబుతున్నాను: తెలుగువాడై పుట్టి బెంగళూరులో స్థిరపడ్డ ప్రతి మగాడూ ఒక్కసారైనా ఇంట్లో టార్ట్ కాల్చి తీరాలి. నవ్వకండి, ఇది సీరియస్ విషయం.

ముందు బాదం సంగతి తేల్చాలి. ప్రపంచంలో పండే బాదంలో దాదాపు 80 శాతం ఒక్క కాలిఫోర్నియాలోనే పండుతుంది. అక్కడినుంచి బయటికి వెళ్లే సరుకులో పెద్ద వాటా మన దేశానికే వస్తుంది. అంటే మా వీధి చివర కిరాణా కొట్టు సంచిలో ఉన్నదీ ఆ బాదమే. అయినా అదే కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి మా బావమరిది వచ్చిన ప్రతిసారీ ఒక్కో సూట్‌కేసుకి ఇచ్చే 23 కిలోల్లో మూడు కిలోలు బాదమే ఉంటుంది. ఇక్కడ దొరికేదీ మీ ఊరిదే కదయ్యా అంటే, "ఇది అక్కడ కొన్నది బావా, క్వాలిటీ వేరు" అంటాడు. తోట ఒకటే కావచ్చు, చెట్టూ ఒకటే కావచ్చు. కానీ ఓడ ఎక్కిన బాదానికీ విమానం ఎక్కిన బాదానికీ సంస్కారంలో తేడా ఉంటుందని మావాళ్ల నమ్మకం.

రాత్రి ఐదు గింజలు నానబెట్టి, పొద్దున్నే తొక్క తీసి పిల్లాడి నోట్లో పెట్టడం మా ఇంటి ఆచారం. జ్ఞాపకశక్తి కోసమట. ఆరేళ్లుగా నియమం తప్పకుండా తింటున్న మావాడు, అంతే నియమంగా స్కూల్లో టిఫిన్ డబ్బా మర్చిపోయి వస్తున్నాడు. రోజుకి ఐదు చొప్పున వాడు తినేదెంత, బావమరిది మోసుకొచ్చేదెంత? ఫ్రీజర్‌లో ఐస్ పెట్టుకునే చోటు లేదు. ఈ సంక్షోభానికి టార్ట్ ఒక్కటే పరిష్కారం. ఒక్క టార్ట్‌కి 100 గ్రాముల బాదం పోతుంది. మూడు కిలోలకి ముప్పై టార్ట్‌లు. మా బావమరిది ఏడాదికోసారి వస్తాడు. లెక్క మీరే చూసుకోండి.

బాదం ముద్దకి కొలతలు తేలిక. బాదం పొడి, వెన్న, పంచదార, గుడ్లు, నాలుగూ సమం. దీన్ని అందరూ ఫ్రాంజిపేన్ అనేస్తుంటారు. ఆచారవంతులైన ఫ్రెంచివాళ్లు ఒప్పుకోరు. పాలు, గుడ్డుసొన వేసి ఉడికించిన క్రీమ్ ఇందులో కలిస్తేనే ఫ్రాంజిపేన్, లేకపోతే అది వట్టి బాదం క్రీమ్. ఎవరి మడి వాళ్లది.

బాదాన్ని మిక్సీలో పొడి కొట్టేటప్పుడు కాస్త పంచదార చేర్చి, ఆపి ఆపి తిప్పాలి. ఒక్క ఊపున తిప్పేస్తే నూనె వదిలి ముద్దయిపోతుంది. మొదటి ఆదివారం నేను ఆపలేదు. పైగా తొందరలో అల్లం వెల్లుల్లి జార్ తీసుకున్నాను. ఎంత కడిగినా ఆ జార్‌కి దాని గతం దానికి ఉంటుంది. వాసన హాల్లోకి వెళ్లగానే మా ఆవిడ తొంగిచూసి, "ఏమండీ, కుర్మా ఎవరికి?" అంది. ఆ రోజు టార్ట్ మధ్యాహ్నానికి కుర్మాగా మారింది. బాగానే ఉంది, చపాతీల్లోకి.

ఇక పిండి. 200 గ్రాముల మైదా, 100 గ్రాముల చల్లటి వెన్న, 70 గ్రాముల పంచదార పొడి, ఒక పచ్చసొన. పూరీ పిండిలా మర్దించకూడదు. మర్దిస్తే సాగుడు పుట్టి, ఓవెన్‌లో అంచులు లోపలికి ముడుచుకుని, తింటే అట్టలా ఉంటుంది. వేళ్ల చివర్లతో వెన్నని మైదాలో నలిపి, ఇసకలా అయ్యాక దగ్గరికి తీసి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి. "మా బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తు, మాకు ఫ్యానే అక్కర్లేదు" అని ఊళ్లో చుట్టాల దగ్గర చెప్పుకుంటాం కదా. ఓవెన్ వేడెక్కుతున్న వంటింట్లో వెన్న ఆ గొప్పల్ని పట్టించుకోదు. రెండు నిమిషాల్లో చేతికి జిడ్డుగా అంటుకుని నిజం చెప్పేస్తుంది. ఫ్రిజ్‌లో చోటు అంటారా, ఇడ్లీ పిండి గిన్నెకీ గోంగూర పచ్చడి సీసాకీ మధ్య దొరికింది. పక్కింటి ప్రభావం పడుతుందేమో అని అరగంట టెన్షన్.

తర్వాతది అసలు ఘట్టం. రేకు పళ్లెంలో పరిచిన పిండిని లోపల ఏమీ వేయకుండా ముందు ఒకసారి కాల్చాలి. ఊరికే కాలిస్తే పూరీలా పొంగుతుంది. అందుకని పైన కాగితం పరిచి బరువు పెట్టాలి. ఆ బరువు కోసం పింగాణీ గోళీలు అమ్ముతారు, ధర చూశాను, మా నాన్న ఆత్మ క్షోభిస్తుంది. శనగలు వాడొచ్చని తెలిసి, అటకమీది స్టీలు డబ్బాలోంచి అరకిలో శనగలు పోశాను. 180 డిగ్రీల్లో పావుగంట. మూడు ఆదివారాలూ అవే శనగలు. పని అయ్యాక చల్లార్చి మళ్లీ ఆ డబ్బాలోనే పోశాను. పొదుపు మా వంశంలోనే ఉంది. డబ్బా మీద చీటీ అంటించాలని అనుకున్నాను కూడా. ఈ శనగల్ని గుర్తుపెట్టుకోండి.

రెండో ఆదివారం కరెంటు పోయింది. టార్ట్ లోపలికి వెళ్లి పన్నెండు నిమిషాలైంది. జనరేటర్ వచ్చింది గానీ, డీజీ మీద మా ఫ్లాట్‌కి ఒక్క కిలోవాట్. ఓటీజీ ఒక్కటే 1600 వాట్లు. టప్పుమంది. మళ్లీ వేశాను, మళ్లీ టప్పు. మూడోసారికి కింద నుంచి ఎలక్ట్రీషియన్ ఇంటర్‌కమ్ చేసి, "సార్, ఓవన్ హాకిదీరా?" అని అడిగాడు, ఓవెన్ వేశారా అని కన్నడంలో. గొంతులో కోపం లేదు, అలవాటు ఉంది. ఏ ఫ్లాట్‌లో ఏం కాలుతోందో మా బిల్డింగ్‌లో అతనికి తెలిసినంతగా అసోసియేషన్‌కి కూడా తెలీదు. ఆ టార్ట్ సగం ఉడికి, సగం అలిగి, పనమ్మాయి కూడా తీసుకెళ్లని స్థితిలో బయటికొచ్చింది.

మూడో ఆదివారం కుదిరింది. రస్సెల్ మార్కెట్‌కి పొద్దున్నే వెళ్లి ప్లమ్స్ తెచ్చాను. మన ఆల్‌బకరా పండ్లే. సగానికి కోసి, గింజ తీసి, బాదం ముద్ద మీద గుండ్రంగా పేర్చాను. పండు కాలుతూ రసం వదులుతుంది. ఆ రసాన్ని బాదం తాగేస్తుంది కాబట్టి అడుగు నానిపోదు. ఇంత తెలివైన ఏర్పాటు నేను ఇంకో వంటలో చూడలేదు, సాంబారన్నంలో అప్పడం తప్ప. 170 డిగ్రీల్లో నలభై ఐదు నిమిషాలకి అంచులు బంగారు రంగుకి వచ్చాయి, ప్లమ్స్ చుట్టూ ముద్ద ఉబ్బి, పండ్లు పరుపులో కూరుకున్నట్టు కూర్చున్నాయి. అడుగు ఊడొచ్చే పళ్లెం అది. ఆ సంగతి మర్చిపోయి కింద చెయ్యి పెట్టి లేపాను. చుట్టూ ఉన్న రేకు అంచు గాజులా మోచేతి దాకా జారింది. వేడిగా. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చూపిస్తున్నాను.

నలభై ఫొటోలు తీశాను. పారిస్‌లో బూర్దలూ అనే వీధి పేరుతో ఒక బేరిపండు బాదం టార్ట్ ఉంది. ఆత్రేయపురానికి పూతరేకులు, తాపేశ్వరానికి కాజా, బందరుకి లడ్డు ఉన్నప్పుడు మారతహళ్లికి ఒక టార్ట్ ఎందుకు ఉండకూడదు అని ఆలోచిస్తూ ఉండగా తెనాలి నుంచి మా అమ్మ దిగింది. శ్రావణమాసం నోములకి.

అమ్మ కళ్లజోడు సవరించుకుని టార్ట్ చుట్టూ ఒకసారి చూసింది. అంచు చిన్న ముక్క విరిచి నలిపింది. "మైదానా?"

"అవునమ్మా."

"వెన్న, పంచదార. లోపల పప్పు పొడి."

"బాదం. ఫ్రెంచి పద్ధతి."

"కజ్జికాయే కదరా," అంది. "మూత పెట్టలేదేం?"

తర్వాత ముక్క నోట్లో వేసుకుని, "యాలకులు మర్చిపోయావు నాన్నా," అని లోపలికి వెళ్లింది.

పెద్దావిడ, పోనీలే అని ఊరుకోవచ్చు. కానీ ఇలాంటి అపోహల్ని ఎక్కడికక్కడ ఖండించకపోతే బేకింగ్ శాస్త్రం ఏమైపోవాలి? కజ్జికాయకీ టార్ట్‌కీ పోలికే లేదు. టార్ట్‌కి గ్రాముల త్రాసు కావాలి. అమ్మ గుప్పెళ్లతో కొలుస్తుంది. టార్ట్‌కి థర్మామీటర్ కావాలి. అమ్మ నూనెలో చిటికెడు పిండి వేసి చూస్తుంది. సంక్రాంతికి నేలమీద కూర్చుని, మధ్యాహ్నం రెండింటి నుంచి దీపాలు పెట్టేలోపు నూట యాభై కజ్జికాయలు చేస్తుంది. అంచుని బొటనవేలితో నొక్కి జడలా మడుస్తూ, నోటితో పక్కింటావిడ కోడలి సంగతులు చెబుతూ. టైమర్ లేదు, ఫొటో లేదు, విశ్రాంతికి అరగంట ఫ్రిజ్ లేదు. నూట యాభైలో ఒక్కటి కూడా నూనెలో విచ్చుకోదు. తప్పులు లేకుండా జరిగే పనిని ప్రయోగం అనరు, కనుక అది శాస్త్రం కాదు.

ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. ఆ సాయంత్రం నేను లిఫ్ట్‌లో టార్ట్ ముక్కలు పంచుతుంటే ముగ్గురు ఆగి, కళ్లు పెద్దవి చేసి, "మీరే చేశారా!" అన్నారు. ఒకాయన నా చెయ్యి పట్టుకుని ఊపాడు. మా అమ్మని నలభై ఏళ్లలో ఎవరూ ఆ మాట అడగలేదు. ఎలా అడుగుతారు? ఇంకెవరు చేస్తారని?

ఖర్చు లెక్క మా ఆవిడ రాసింది. కొత్త పళ్లెం, మూడు వారాల వెన్న, పండ్లు, బర్న్ క్రీమ్ అన్నీ కలిపి. ఆ డబ్బుతో గేటు ఎదురుగా ఉన్న అయ్యంగార్ బేకరీలో ఉగాది దాకా దిల్‌పసంద్ తినొచ్చని తేల్చింది. పిండి పొర, లోపల కొబ్బరి, టూటీ ఫ్రూటీ. మూత కూడా ఉంటుంది. టూటీ ఫ్రూటీ అంటే పాకంలో మగ్గిన పచ్చి బొప్పాయే కదా, పండు ఎలా అవుతుంది అని నేను సిద్ధాంతపరమైన అభ్యంతరం లేవనెత్తాను. ఎవరూ వినలేదు. తింటున్నారు.

మొదటి శ్రావణ శుక్రవారం పేరంటానికి పదకొండు మందిని పిలిచారు. వాయనంలో తాంబూలం, రెండు అరటిపండ్లు, జాకెట్ ముక్క, నానబెట్టిన శనగలు. శుక్రవారం పొద్దున వంటింట్లోంచి అమ్మ గొంతు: "రాత్రనగా పోశాను, ఇవేంటే కోడలా, కొన్ని ఉబ్బనే లేదు." మా ఆవిడ అంది, "ఇక్కడివి బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు అత్తయ్యా. పప్పే ఉడకదు, శనగలేం నానతాయి." కఠినజలంలో పప్పులు త్వరగా ఉడకవన్నది నిజమే. నేను పేపర్ చదువుకుంటున్నాను. అటకమీది స్టీలు డబ్బా గట్టుమీద ఖాళీగా బోర్లించి కనిపించింది. కొత్త శనగలూ నావీ కలిసిపోయి, అప్పటికే పదకొండు కవర్లలోకి వెళ్లిపోయాయి. పేపర్ రెండోసారి చదివాను.

శనివారం సాయంత్రం ఏడో అంతస్తు పిన్నిగారు వచ్చారు. అరచేతిలో రెండు శనగలు. పళ్లెంలో వేస్తే గోళీల్లా మోగాయి. "ఆరు విజిల్స్ వచ్చినా ఇలాగే ఉన్నాయండీ. ఎక్కడివి ఈ శనగలు?" అని అడిగారు.

అమ్మ మా ఆవిడ వైపు చూసింది. మా ఆవిడ నా మోచేతి మచ్చ వైపు చూసింది.

"మా బావమరిది తెచ్చాడండీ," అన్నాను. "కాలిఫోర్నియా నుంచి."

పిన్నిగారు శనగల్ని మళ్లీ చేతిలోకి తీసుకుని, ఒకదాన్ని దీపం దగ్గర అటూ ఇటూ తిప్పి చూశారు.

"అదీ సంగతి," అన్నారు. "క్వాలిటీ వేరుగా ఉందనుకున్నా. ఇంకేమైనా మిగిలాయా?"