తేనెటీగలు వాలినంత మాత్రాన ఆ తీగ మంచిదైపోదు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య ఒకటే మెసేజి తిరుగుతోంది. గులాబీ రంగు గుత్తులతో గోడంతా కప్పేసిన కోరల్ వైన్ అనే పూలతీగ ఫొటో ఒకటి. కింద రాసింది క్లుప్తంగా ఇదీ: ‘ఈ తీగ మన నేలదే. నీళ్ళు పోయక్కర్లేదు. తేనెటీగలకు మేలు. నలభై ఏళ్ళుగా పెరళ్ళలో ఉన్నా ఎవరికీ హాని లేదు. ఎక్కువైతే కోసేస్తే సరి. గెడ్డ (వాగు) గట్ల మీద, ఖాళీ జాగాల్లో కూడా నాటండి.’ ఆ చివరి మాట లేకపోతే నేనూ అందరిలా లైక్ కొట్టి ఊరుకునేవాణ్ణి.

మన నేలదే అన్నది తప్పు. దాని పుట్టిల్లు మెక్సికో. ఆకు హృదయాకారంలో ఉంటుంది కాబట్టి తిప్పతీగకు చుట్టమనుకుంటారేమో, ఆ రెండింటికీ ఏ సంబంధమూ లేదు.

నీళ్ళు అక్కర్లేదన్నది మాత్రం నిజం. ఎందుకు అక్కర్లేదో మెసేజి చెప్పలేదు. ఈ తీగ కింద దుంపలుంటాయి. ఎండాకాలం పైన అంతా మాడిపోయినా, మేకలు మేసినా, మంట పెట్టినా, లోపల దాచుకున్న సత్తువతో వానలు పడగానే మళ్ళీ చిగురిస్తుంది. ‘కోసేస్తే సరి’ అన్న సలహా కూడా ఇక్కడే తేలిపోతుంది. కొడవలితో కోస్తే పోయేది పందిరి మీది భాగమే. తీగ మొదలు దగ్గర గునపం వేసి చూడండి. ఒక దుంప దొరికిందని సంబరపడేలోపు దాని పక్కన ఇంకోటి, గోడ పునాది కిందికి మరోటి కనబడతాయి. తవ్వేటప్పుడు విరిగి మట్టిలో ఉండిపోయిన ముక్కలు మళ్ళీ మొలకెత్తుతాయి.

తేనెటీగల మాట కూడా అబద్ధం కాదు. పూత మీదున్నప్పుడు ఆ తీగ దగ్గర నిలబడితే జుయ్యిమనే చప్పుడే. అయితే ఈగ వాలితే పుప్పొడి అంటుతుంది, పుప్పొడి అంటితే గింజ కడుతుంది. వాడిన పూగుత్తి ఒకటి తెంపి, కాగితంలా ఎండిన రేకులు వేళ్ళతో నలపండి. లోపల మూడు అంచుల గోధుమరంగు గింజ ఉంటుంది. రేకులు తియ్యకుండా అలాంటివి నాలుగు గ్లాసుడు నీళ్ళలో వేసి చూడండి, తేలతాయి. ఇప్పుడు గెడ్డ గట్టు మీద నాటమన్న సలహా మళ్ళీ చదవండి. రాయగడ గెడ్డలు నాగావళిలో కలుస్తాయి, గుణుపురం వైపువి వంశధారలో. ఆ రెండు నదులూ దిగేది శ్రీకాకుళం వైపే. మన గట్టు మీద వేసిన తీగ మన గట్టు మీదే ఉంటుందన్న హామీ ఏదీ లేదు.

ఇక నలభై ఏళ్ళ వాదన. చాలామంది పడిపోయేది దీనికే. లాంటానా అనే ముళ్ళపొద 19వ శతాబ్ది మొదట్లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు అందం కోసమే వచ్చింది. ఇవాళ కొరాపుట్ కొండవాలుల్లో దాని ముళ్ళు చొక్కాకు తగలకుండా నడవడం కష్టం. గుర్రపుడెక్కను కూడా ఆ ఊదా పూలకు మురిసే బెంగాల్‌లోకి తెచ్చుకున్నారు. బయటి మొక్క చాలాకాలం బుద్ధిగా ఉండి, అదను దొరకగానే విజృంభించడం కొత్తేమీ కాదు. ఆ అదను ఇచ్చేది మనమే. రోడ్డు వెడల్పు చేస్తాం, గట్టు చదును చేస్తాం, చెట్లు కొట్టేసిన జాగాను అలాగే వదిలేస్తాం. ఎండ బాగా తగిలే అలాంటి నేలంటే ఈ తీగకు పండగే.

దీని పనితనం చూడాలంటే కరీబియన్‌లోని సింట్ యుస్టేషియస్ అనే చిన్న ద్వీపం సంగతి వినాలి. అక్కడ తోటల్లోంచి బయటపడి చాలా భూమిని దుప్పటిలా కప్పేసింది. పసిఫిక్‌లోని గువామ్‌లోనూ ఇదే గొడవ. మన దగ్గర అడవుల్ని మింగేసిందని నేననడం లేదు. అలాంటి దాన్ని పనిగట్టుకుని గెడ్డ గట్టుకు తీసుకెళ్ళడం దేనికని అడుగుతున్నాను.

‘విదేశీ మొక్క అనగానే తిట్టడం ఫ్యాషనైపోయింది’ అని ఒకాయన కింద కామెంట్ పెట్టారు. ఆయనకు మాధవీలత సంగతి చెప్పాలి. మన కావ్యాల్లో నాయికలు దాని పందిరి కిందే కదా విరహపడతారు! అదే మాధవీలత మారిషస్, రీయూనియన్ ద్వీపాల్లో చెట్ల మీదికెక్కి ఊపిరాడకుండా చేస్తోంది. ప్రపంచంలోని వంద అతి హానికర చొరబాటు జీవుల జాబితాలో దాని పేరుంది. పుట్టినచోట దాన్ని అదుపులో పెట్టే పురుగులు, తెగుళ్ళు, పోటీ మొక్కలు ఆ ద్వీపాల్లో లేవు. మెక్సికో తీగకు ఇక్కడ వర్తించేదీ ఆ లెక్కే.

నర్సరీలో అమ్ముతున్నారుగా అంటారా? త్వరగా నాటుకుని, త్వరగా పాకి, నెలల తరబడి పూసేవే నర్సరీవాళ్ళు ఏరుకుంటారు. కలుపుగా మారడానికి కావలసిన లక్షణాలూ ఇంచుమించు అవే.

ఇంట్లో ఇప్పటికే ఉంటే కంగారుపడి టెన్షన్ తెచ్చుకోనక్కర్లేదు. పూత వాడగానే, గింజ రాలకముందే గుత్తులు కోసెయ్యండి. వద్దనుకుంటే తొలకరికి నేల మెత్తబడ్డాక దుంపలతో సహా తవ్వి తియ్యండి. వాటిని గెడ్డలోకి, చెత్తకుప్ప మీదికి విసరకుండా మేడ మీద బాగా ఎండబెట్టి కాల్చెయ్యండి. తర్వాత రెండు మూడు వర్షాకాలాల పాటు ఆ చోట ఓ కన్నేసి, కొత్త మొలక కనబడితే చిన్నగా ఉన్నప్పుడే లాగెయ్యాలి.