ఎత్తినది ఎత్తిన చోటే దించితే ఎట్లా?

మా వీధిలో ఒక అమ్మాయి బరువులెత్తుతోంది. ఎత్తితే ఎత్తింది, బరువులెత్తని ఆడవాళ్లు నెల్లూరులో ఎవరున్నారు? నా అభ్యంతరం అది కాదు. ఎత్తిన బరువును ఆమె ఎక్కడికీ తీసుకెళ్లడం లేదు. ఎక్కడ ఎత్తిందో అక్కడే దించేస్తోంది. పైగా దానికి మెడల్ ఇస్తున్నారు. ఇలాంటి విషయం మీద నాలుగు మాటలు రాయకపోతే, రిటైరై ఇంట్లో కూర్చున్నందుకు అర్థమే లేదు.

విషయం తెలుసుకోకుండా విమర్శించడం నాకు అలవాటే గానీ, ఈసారి కొంత కష్టపడ్డాను. ఈ ఆటను పవర్‌లిఫ్టింగ్ అంటారు. 'మన కరణం మల్లీశ్వరి లాగన్నమాట' అని మొన్న టీ కొట్టు దగ్గర అందరికీ చెప్పాను. కాదట. మల్లీశ్వరిది వెయిట్‌లిఫ్టింగ్. 2000లో సిడ్నీలో ఆమె రెండు రకాల ఎత్తుడు కలిపి 240 కిలోలు తలపైకి లేపి, కంచు పతకం తెచ్చింది. పవర్‌లిఫ్టింగ్‌లో తలపైకి ఎత్తేదే లేదు. ఒలింపిక్స్‌లో ఈ ఆటే లేదు. పారాలింపిక్స్‌లో మాత్రం ఉంది, అదీ పడుకుని ఎత్తే బెంచ్‌ప్రెస్ ఒక్కటే. మహిళలకు దాన్ని మొదలుపెట్టింది కూడా ఆ 2000 సిడ్నీలోనే.

ఇక ఇందులో చేసేవి మూడే పనులు. మొదటిది స్క్వాట్. మా చిన్నప్పుడు లెక్క తప్పితే మాస్టారు తీయించిన గుంజీలే. భుజాల మీద ఇనుము పెట్టుకుని, తుంటి మోకాలి కంటే కిందికి దిగేదాకా కూర్చుని లేవాలి. రెండోది బెంచ్‌ప్రెస్. బల్ల మీద వెల్లకిలా పడుకుని, కడ్డీని రొమ్ము మీదికి దించి కదలకుండా ఆపాలి. రిఫరీ 'ప్రెస్' అంటేనే పైకి నెట్టాలి. మూడోది డెడ్‌లిఫ్ట్. నేల మీది బరువును నిటారుగా నిలబడేదాకా లేపి, 'డౌన్' అన్నాక దించాలి. ఒక్కోదానికి మూడు అవకాశాలు. ముగ్గురు రిఫరీల్లో ఇద్దరు తెల్ల లైటు వేస్తే ఎత్తినట్టు, లేకపోతే ఎత్తనట్టు. ఎవరో చెప్పేదాకా కదలకుండా ఉన్నందుకు మా వీధి ఆడపడుచుకి బహుమతి రావడం ఇదే మొదటిసారి. ఇన్నాళ్లూ మేం ఊరికే ఉంచుకున్నాం.

ఈ అమ్మాయి 69 కిలోల ఒంటి బరువు విభాగంలో వరసగా 155, 90, 180 కిలోలు ఎత్తింది. మొత్తం 425. మా జిల్లాలో వడ్లు పుట్టి అంటే 850 కిలోలు. అంటే, సరిగ్గా అరపుట్టి! ఈ లెక్క తేలిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అరపుట్టి ఎత్తి, ఇంటికి ఒక్క గింజ తేలేదు. స్టోన్‌హౌస్‌పేటలో బస్తాలు మోసే హమాలీని అడగండి, ఎత్తిన బస్తాను మళ్లీ అదే చోట దించితే కూలి ఎవరిస్తారు?

మా ఇంట్లో ఇలాంటి వృథా లేదు. గ్యాస్ సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాసు, ఇనుముతో కలిపి ముప్పై దాకా ఉంటుంది. డెలివరీ కుర్రాడు కింద గేటు దగ్గర దించేసి పోతాడు. అది మూడో అంతస్తులో వంటింటికి ఎట్లా చేరుతుందో ముప్పై ఏళ్లలో నేనెప్పుడూ ఆలోచించలేదు. చేరుతుంది, అంతే. బరువంటే అలా ఉండాలి.

ఎదురింటి పెద్దమ్మ కూడా నా పక్షమే. ఒకరోజు పొద్దున ఆ అమ్మాయిని ఆపి అడిగింది.

"ఏం మే, అంతంత మోత మోస్తే గర్భసంచి జారిపోదా?"

"పెద్దమ్మా, నీ చంకలో బిందె ఎంతుంటుంది?"

"ఇది బరువేంది మే, నీళ్లు గదా!"

ఇంత సూటిగా భౌతికశాస్త్రాన్ని ఎవరూ చెప్పలేదు. ఇంటికి పోయేది బరువు కాదు. అలా చూస్తే నాటు వేసేటప్పుడు రోజంతా వంచిన నడుమూ, మేస్త్రీ దగ్గర తల మీద పెట్టుకున్న ఇసుక తట్టా ఏవీ బరువులు కావు. వాటికి తెల్ల లైటు అడిగినవాళ్లూ లేరు.

చరిత్ర చూసినా నా మాటే నిలుస్తుంది. ఈ ఆటకు అంతర్జాతీయ సమాఖ్య 1972లో ఏర్పడింది. ఆడవాళ్లకు ప్రపంచ పోటీ పెట్టింది 1980లో. మధ్యలో ఎనిమిదేళ్లు పెద్దలు ఆలోచించుకున్నారు, సబబే. ఆ గడువు కూడా ఆగలేక అమెరికాకు చెందిన జాన్ టాడ్ అనే ఆవిడ 1979లో స్కాట్లండ్ వెళ్లి, డిన్నీ రాళ్లని అక్కడ పేరుమోసిన జోడు రాళ్లను ఎత్తింది. రెండూ కలిపి 330 కిలోల పైమాటే. మరో ఆడమనిషి వాటిని లేపడానికి 2018 దాకా పట్టింది. పేరు చూసి మగమనిషి అనుకుని నేను మొదట మెచ్చుకున్నాను కూడా. ఇంతకూ ఆ రాళ్లు ఎక్కడున్నాయి? స్కాట్లండ్‌లోనే. ఎత్తింది, దించింది, వచ్చేసింది.

పక్కనే ఒంగోలు ఉంది, చూసి నేర్చుకోవచ్చు. అక్కడి బండలాగుడు పోటీల్లో గిత్త బండను లాగితే అది ముందుకు కదులుతుంది, ఎన్ని అడుగులు పోయిందో కొలుస్తారు. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లని విభాగాలుంటాయి. గిత్తకు ఎన్ని ఉలవలు పెడుతున్నదీ యజమాని మీసం తిప్పి చెబుతాడు. ఈ అమ్మాయి రోజుకు ఆరు గుడ్లు తింటుందని వాళ్లమ్మ మాకు చెప్పలేదు. చెత్తబుట్టలో పెంకులు చూసి మేమే లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది.

అయినా నాది విశాల హృదయం. రాష్ట్ర స్థాయిలో మెడల్ వచ్చిందనగానే సన్మానం చేద్దామని మొదట అన్నది నేనే. ట్రంకు రోడ్డు పక్కన చిన్న హాలు మాట్లాడాం. ఫ్లెక్సీ వేయించాం. పోటీ బట్టల్లో ఉన్న ఫోటో బాగుండదని, ఎప్పుడో అక్క పెళ్లిలో పట్టుచీరతో దిగిన ఫోటో సంపాదించి వేశాం. చందా ఇచ్చినవాళ్లు పదహారు మంది కాబట్టి ఆమె బొమ్మ మూలకు జరిగింది. ముఖ్య అతిథి మల్లీశ్వరి గురించి నలభై నిమిషాలు మాట్లాడారు.

శాలువా కప్పినప్పుడు ఆమె నమస్కారం పెట్టింది. అరచేతుల్లో వేళ్ల మొదట్లో వరసగా కాయలు కాచి ఉన్నాయి. గీతల్లో ఎంత కడిగినా పోని సుద్దపొడి. అలాంటి కాయలు మా అమ్మ చేతుల్లో చూశాను, రోకలి పట్టుకుని పట్టుకుని కాచినవి. ఒక్క క్షణం ఏదోలా అనిపించింది గానీ సర్దుకున్నాను. మా అమ్మ దంచితే బియ్యం వచ్చాయి.

సభ అయిపోయింది. సౌండ్ బాక్సులు తీసుకెళ్లడానికి సప్లయర్స్ కుర్రాడు ఒక్కడే వచ్చాడు. పెద్ద బాక్సు నలభై కిలోలుంటుంది. "రోంత సాయం పట్టండి సార్" అన్నాడు. వేదిక మీద ముఖ్య అతిథి, అధ్యక్షులు, నేను ముగ్గురం కుర్చీల్లో ఉన్నాం. ముగ్గురికీ నడుం నొప్పి.

"అమ్మాయి ఉంది గదా, ఆటోలో పెట్టేస్తుంది" అన్నారు ముఖ్య అతిథి.

ఆమె శాలువా తీసి కుర్చీ మీద వేసింది. వంగి రెండు పక్కలా పిడులు పట్టుకుని లేపింది. మోకాళ్లు బిగించి, భుజాలు వెనక్కి పెట్టి, మా ముగ్గురి వైపూ చూస్తూ నిలబడింది. కదలదు. ఆటో బయట హారన్ కొడుతోంది.

"ఏందమ్మా?" అన్నాను.

"డౌన్ అనాలి సార్."

"డౌన్" అన్నాను.

చప్పుడు లేకుండా బాక్సును తీసిన చోటే దించింది. స్కూటీ తాళం తీసుకుని, మెట్లు దిగి వెళ్లిపోయింది.